ఆయన దారికి గింజలు

వెనక వరండా,
పెరటి గుమ్మం పక్కనున్న బల్ల నుంచి.
చలి తగ్గిన మొదటి వారం.

చిరంజీవి బావమరిదికి బావ ఆశీస్సులు.

ఈ ఉదయం మన పెరటిలో వసంతకృత్యాలకు ఆరంభం. నేల చలి నుంచి మేలుకొనే వేళ మనిషి దాని పక్కన నిలిచి, ఎండినదాన్ని తొలగించి, ఊపిరి ఆడనిచ్చి, కొత్త గింజను దాని ఒడిలో ఉంచడమే ఈ ఆరంభానికి అర్థం. చచ్చినదేదో బతికినదేదో తేల్చవలసిన పని కనుక దీన్ని నేను చిన్న పనిగా తలచడం లేదు. ముప్పై ఒక్క వసంతాలు ఈ కార్యం మీ అక్క చేతుల మీదుగా జరిగింది. ముప్పై రెండవది నా చేతుల్లో పడింది. ఈ చేతులు సుద్దముక్క తప్ప మరొక పనిముట్టు ఎరగవని నీకు తెలుసు.

నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఆమెకు కుడి పక్క పడిపోయినప్పుడు, నీ ఇంటికి మెట్లు లేవనీ ఆసుపత్రి దగ్గరనీ నువ్వు తీసుకువెళ్ళావు. ఎండలు ముదిరేలోగా ఇంటికి తెచ్చుకుంటానని ఆమె ఎడమ చెయ్యి పట్టుకొని మాట ఇచ్చాను. నిన్న అమ్మాయి వచ్చి పెరడంతా కలయజూసింది.

"నాన్నా, అమ్మను మామయ్య దగ్గరే ఉండనీ. ఇదేమైనా ఇల్లులా ఉందా? టీపొడి డబ్బా ఎక్కడుందో తెలియని మనిషివి, అమ్మనేం చూసుకుంటావు?" అంది.

ఆ క్షణాన నేను వెదుకుతున్నది సరిగ్గా ఆ డబ్బానే. వెదుకులాట మాని, "పెరడు మునుపటిలా చేసి చూపిస్తాను. అప్పుడైనా ఒప్పుకుంటావా?" అన్నాను. "చేసి చూపించు. సెలవులు ఇవ్వగానే వచ్చి చూస్తాను" అని వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళు పిల్లలకు పద్యాలు చెప్పి పరీక్షలు పెట్టినవాణ్ణి. ఇప్పుడు నా కూతురే నాకు పరీక్ష పెట్టింది. గడువు రెండు నెలలు.

పచ్చిక మీద ఎండుగడ్డి దుప్పటిలా పరుచుకొని ఉంది. దానిమ్మ చెట్టు కొమ్మల్లో సగం ఎండిపోయినట్టున్నాయి. అన్నిటినీ మించిన అవమానం మరొకటి. పెరటి గుమ్మం నుంచి దానిమ్మ దాకా, తిన్నగా, మూరన్నర వెడల్పున గడ్డి అన్నదే లేదు. బట్టతల మీద పాపిడి తీసినట్టుంది. ఇంతకుముందు ఇలా ఉన్నట్టు నాకు గుర్తులేదు. అయితే నా చూపు ఏనాడూ నేల మీద ఉండేది కాదనుకో.

ముప్పై ఆరేళ్ళు తోటమాలిగా పార్కు మొత్తాన్ని కంటికి రెప్పలా కాచినవాడివి. ఏది ముందో ఏది వెనకో రాసి పంపు. నా కంటే చిన్నవాడివైనా ఈ విద్యలో నువ్వే గురువువి.

నీ బావ.


మా ఇంటి ముందు గది,
కిటికీ పక్కన.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. బట్టతల, పాపిడి దగ్గర ఎడమ పెదవి కాస్త కదిలింది. నవ్విందనే అనుకుంటున్నాను.

మీరు దుప్పటి అన్నదాన్ని మా పార్కులో చెత్త అంటాం. ఇనుప పళ్ళ చీపురుతో దాన్ని దువ్వి తీసేయండి. నేల తడిగా ఉన్నప్పుడు మాత్రం దిగకండి, అణిగిపోతుంది. తరవాత నాలుగు పళ్ళ పార తీసుకొని జానెడుకొక పోటు చొప్పున గుచ్చుకుంటూ వెళ్ళండి. వేళ్ళకు గాలి ఆడాలి. గడ్డి కోసే మిషను బ్లేడు పదును పెట్టించండి. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, పీకుతుంది. మొదటి కోతలో మూడో వంతు మించి తీయకండి. మీకు ఉత్సాహం వస్తే ఆగరని నాకు తెలుసు. దానిమ్మ కొమ్మలను చూడగానే నరకకండి. గోటితో బెరడు కొంచెం గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే, వదిలేయండి. గోధుమరంగులో ఉంటేనే కత్తెర వేయండి.

ఇంక ఆ చార. అక్కడా కాసిని గింజలు చల్లి, పైన సన్నటి ఎరువు పల్చగా కప్పి, తడి ఆరకుండా చూడండి. రాకపోయినా మరీ మనసు కష్టపెట్టుకోకండి. ప్రతి పచ్చికలోనూ అలాంటి చోటు ఒకటి ఉంటుంది.

అక్క బాగానే ఉంది. వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ వస్తోంది.

మీ బావమరిది.

తాజాకలం: ఒంగి లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసుకోండి. నా నడుము ఇచ్చే సలహా ఇది.


వెనక వరండా.
దువ్వడం, గుచ్చడం, చల్లడం ముగిసి మూడు వారాలు.

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరాన్ని శాస్త్రంగా భావించి అక్షరం పొల్లుపోకుండా ఆచరించాను. నా శరీరంలో ఇన్ని కీళ్ళున్నట్టు ఈ వయసులో తెలిసింది. చీపురుతో పచ్చిక దువ్వుతుంటే పక్కింటి దర్జీ ప్రహరీ మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశాడు.

"మాష్టారూ, జడ కూడా వేస్తారా?" అన్నాడు.

"నువ్వు రిబ్బను కుట్టిపెట్టు, వేస్తాను" అన్నాను.

"కొలతలు తీసుకోమంటారా మరి?" అంటూ ప్రహరీ దాటి వచ్చి, నా చేతిలోని చీపురు లాక్కొని మిగిలిన సగం తానే దువ్వాడు. మాటకు మాట అంటాడు కాని మనిషి మంచివాడు. ఆ పూట నేను వరండా మెట్టు మీద కూలబడి, ఊపిరి కుదురుకొనేదాకా ఆకాశం చూస్తూ ఉండిపోయాను.

ఫలితాలు విను. దానిమ్మ కొమ్మలను గీకి చూస్తే పదిలో ఏడు పచ్చగా ఉన్నాయి. సగం చచ్చాయని తీర్పు చెప్పిన నా తొందరపాటుకు సిగ్గుపడ్డాను. పచ్చికలో గింజ చల్లిన చోటల్లా సూదిమొనల్లాంటి మొలకలు వచ్చాయి. ఒక్క ఆ చారలో తప్ప.

గింజలు తక్కువయ్యాయేమోనని రెండోసారి చల్లాను. పిట్టలు తింటున్నాయేమోనని కాపలా కాశాను. కింద రాయి ఉందేమోనని చువ్వ దింపాను. రాయి లేదు, మట్టే రాయిలా ఉంది. దానిమ్మ నీడ అనుకుందామంటే ఆ నీడ మరో పక్క పడుతుంది. చీమలు లేవు, తెగులు లేదు, నీళ్ళ కొరత లేదు. ఉదయం లేవగానే చెప్పులు వేసుకొని దానిమ్మ దాకా వెళ్ళి, వంగి వంగి చూసి, మళ్ళీ గుమ్మం దాకా వస్తున్నాను. మధ్యాహ్నం మళ్ళీ చూస్తున్నాను. సాయంత్రం చెప్పనక్కరలేదు. రోజుకు పది పన్నెండు సార్లకు తగ్గకుండా ఆ చార పొడుగునా పరిశీలన జరుగుతోంది. ఇంత శ్రద్ధ నేను నా చదువు మీద కూడా పెట్టలేదు.

మీ అక్క ఏం చేసేదో ఆమెను అడుగు. అమ్మాయి రావడానికి ఇంకా అయిదు వారాలే ఉన్నాయి. పెరట్లో కాలు పెట్టగానే కనబడేది ఆ చారే.

నీ బావ.


మా ఇంటి ముందు గది.

బావగారూ,

ఈ ఉత్తరం రెండు సార్లు రాసి చించేశాను. మీ ఉత్తరంలో పరిశీలన సంగతి చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ చారను ఇంక వదిలేయండి బావా. గింజలు దండగ, మీ నడుము దండగ.

క్రితం ఉత్తరంలో అక్క బాగానే ఉందని రాశాను. అది నిజం కాదు. బాగా లేదనీ కాదు. కూర్చుంటుంది, ఎడమ చేత్తో తింటుంది, నాలుగైదు మాటలు వస్తున్నాయి. నిలబడమంటే మాత్రం "వద్దు" అంటుంది. వ్యాయామం చేయించే అమ్మాయి చక్రాల వాకరు తెచ్చింది. రోజుకు ముప్పై అడుగులు వేస్తే కాలు తిరిగి అలవాటుపడుతుందట, లేకపోతే బిగుసుకుపోతుందట. గదిలో నడవమంటే గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. పచ్చదనం చూస్తే మనసు మారుతుందేమోనని నా పచ్చికలోకి తీసుకెళ్ళాను. నా పచ్చిక ఎంత మెత్తగా ఉంటుందో తెలుసుగా, ఊరంతా చెప్పుకుంటారు. మూడో అడుగులోనే ముందు చక్రం కుంగిపోయింది. వాకరు పక్కకు ఒరిగింది. నేను పట్టుకున్నాను కాబట్టి పడలేదు. ఆ రోజు నుంచి వాకరును చూస్తేనే కళ్ళు మూసుకుంటోంది. వీధిలోనా, అన్నీ ఎత్తుపల్లాల రాళ్ళు.

మీ అమ్మాయి ఫోను చేసి "ఇంక మీ దగ్గరే అనుకోనా మామయ్యా?" అంది. మళ్ళీ మాట్లాడతానని ఫోను పెట్టేశాను. అక్క నాకు బరువని కాదు. మీతో ఎలా చెప్పాలో తెలియక.

బాగా అలసిపోయాను బావా.

బావమరిది.


సామాన్ల గది,
తిరగేసిన తొట్టె మీద కూర్చుని.

బావమరిదికి,

ఆశీస్సు రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు ఇదే మొదటిసారి.

కొమ్మల కత్తెరకు నూనె వెదుకుతుంటే ఈ గదిలో, పై అరలో, రెండు రేకు డబ్బాలు కనబడ్డాయి. రెంటి మూతల మీదా మీ అక్క అక్షరాలే. ఒకదాని మీద "పచ్చికకు" అని ఉంది. రెండోదాని మీద "ఆయన దారికి" అని ఉంది. రెండోదానిలో గింజల సంచులు. ఖాళీవి మడతపెట్టి అడుగున పేర్చింది, నిండుది ఒకటి పైన ఉంది. సంచి మీద మీ పార్కు ముద్ర. దాని కింద "తొక్కుడు తట్టుకొనే రకం, ఆటస్థలాలకు" అని అచ్చువేసి ఉంది. ఖాళీ సంచులు లెక్కపెట్టాను. పదకొండు.

ఆ డబ్బా చేత్తో పట్టుకొనే గుమ్మంలో నిలబడి పెరడు చూశాను. చారలో నీళ్ళు పోసిన తడి ఇంకా ఆరలేదు. ఆ తడిలో నా చెప్పుల అచ్చులు, గుమ్మం నుంచి దానిమ్మకు, దానిమ్మ నుంచి గుమ్మానికి.

తెగులు కోసం నేల తవ్వాను, ఆకాశం కేసి చూశాను, పిట్టలను తిట్టాను. ఆ తెగులు నేనే. సాయంత్రం పూట పద్యం అందుకుంటే ఈ గుమ్మం నుంచి ఆ చెట్టు దాకా ఒక సీసం, తిరిగి వచ్చేటప్పుడు మరొకటి. తల ఎత్తి, కళ్ళు అరమూసి, ముప్పై ఏళ్ళు నడిచాను. నా వెనక ఒక మనిషి వంగి గింజలు చల్లుతున్నదని తెలుసుకోలేకపోయాను. ఇన్ని గ్రంథాలు చదివిన కళ్ళు ఇవి.

నీకు తెలుసు. సంచులు పంపింది నువ్వే. ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?

నేను దాచింది కూడా చెబుతాను. మీ అక్క పడిపోయిన రోజు నుంచి నా నోట పద్యం రాలేదు. మొదలుపెడితే రెండో మాట దగ్గర ఆగిపోతుంది. నడక మాత్రం ఆగలేదు. ఇంట్లో కూర్చోలేక నడిచాను, ఊరికే, మూగగా, మునుపటికి రెట్టింపు నడిచాను. అందుకే ఈ ఏడు చార ఇంత కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

ఈ పొద్దు నడక మానేశాను. దర్జీ దగ్గర ఎర్ర దారపుండ తెచ్చి, పుల్లలు పాతి, చార చుట్టూ దారం కట్టాను. ఇకమీదట అటు అడుగు వేయను. ఆమె చల్లిన గింజలకు నేను చేయగల ప్రాయశ్చిత్తం ఇంతే.

బావ.


మా ఇంటి ముందు గది.

బావగారికి,

మీ కోపం నాకు తగినదే. చెప్పవలసింది చెప్పేస్తాను.

పదకొండేళ్ళ క్రితం మీ ఇంటికి వచ్చినప్పుడు, మీరు పెరట్లో పద్యం చదువుతూ తిరుగుతున్నారు. నేనూ అక్కా వంటింటి కిటికీలో నుంచి చూస్తున్నాం. "ఇదేమిటే అక్కా, బావ పచ్చికను ఇలా తొక్కేస్తుంటే చూస్తూ ఊరుకుంటావా? ఉండు, నే చెబుతాను" అన్నాను. అక్క నా చొక్కా పట్టి వెనక్కి లాగింది. "నోరు మూసుకో. చెప్పావంటే ఆయన కాళ్ళ కేసి చూసుకుంటూ నడుస్తాడు. కాళ్ళ కేసి చూసుకుంటే పద్యం ఆగిపోతుంది. గింజలదేముంది, మళ్ళీ చల్లుకుంటాను. నీ పార్కులో తొక్కినా చావని రకం ఉంటే పంపించు" అంది. ఏటా ఒక సంచి పంపాను. మాట ఇచ్చాను కాబట్టి నోరు విప్పలేదు.

మీ ఉత్తరం ఆమెకు చదవకుండా దాచుదామనుకున్నాను. కవరు మీద మీ అక్షరాలు చూసేసింది. చదివాను. డబ్బా దగ్గర కళ్ళు దించుకుంది. పద్యం రావడం లేదన్న చోట నా మోకాలు గట్టిగా పట్టుకుంది. ఎర్ర దారం దగ్గరకు వచ్చేసరికి ఎడమ చేత్తో బల్ల మీద కొట్టింది. గ్లాసు కింద పడింది.

"వద్దు" అంది. ఆ మాట రోజూ అనేదే కదా అని నేను గ్లాసు తీస్తున్నాను. మళ్ళీ కొట్టింది. "వద్దు. దారం వద్దు. నడవ... నడవమను."

ఆ మాత్రానికే అలసిపోయి వెనక్కి వాలి పడుకుంది. అయిదు నెలల్లో ఆమె చెప్పిన పెద్ద మాట ఇదే. మీకు చేరవేశాను. ఇంక మీ ఇష్టం.

బావమరిది.


పెరడు,
దానిమ్మ కింద కుర్చీ.

చిరంజీవి బావమరిదికి బావ ఆశీస్సులు. క్రితంసారి బాకీపడ్డవి కూడా కలిపి తీసుకో.

దారం విప్పేశాను. దర్జీకి ఉండ తిరిగి ఇస్తే, "ఏం మాష్టారూ, కుట్లు విప్పేశారా?" అన్నాడు.

విప్పుతూ ఆ చారలో మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు అరచేయి నేలకు ఆనింది. నువ్వు రాసిన కుంగిన చక్రం గుర్తుకువచ్చింది. లేచి చార మీద మడమతో గట్టిగా తొక్కాను. అచ్చు పడలేదు. పక్కన పచ్చిక మీద తొక్కాను. మడమ దిగిపోయింది.

దర్జీ బట్టల మూటలు తోసుకుపోయే నాలుగు చక్రాల బండి అడిగాను. విషయం వినగానే, "మూటలు పెట్టి చూస్తే ఏం తెలుస్తుంది? మీరే ఎక్కండి. అక్కయ్యగారి బరువుకు మీ బరువు ఇంచుమించు సరి" అన్నాడు. ఈ వయసులో, పంచె బిగించి, బండి ఎక్కి కూర్చున్నాను. పచ్చికలో నాలుగు మూరలు వెళ్ళేసరికి చక్రాలు పూడుకుపోయాయి. దించి, బండి లాగి, చార మీద పెట్టి తోశాడు. గుమ్మం నుంచి దానిమ్మ దాకా ఎక్కడా కుంగలేదు, ఒరగలేదు. గడపకు ఒక చెక్క వాలుగా వేస్తే చాలు. అడుగులు లెక్కపెట్టాను, నావి ఇరవై రెండు. ఆమె చిన్న అడుగులకు ముప్పై దాటవచ్చు. చెట్టు కింద కుర్చీ వేశాను. ఇప్పుడు అందులో కూర్చునే రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళు తెలియక తొక్కాను. ఆ తొక్కుడే ఈ పెరటిలో గట్టి నేల. ఆమెను తీసుకురా. అమ్మాయి పెట్టిన పరీక్షలో తప్పినా సరే, నేను అడుగుతున్నాను.

నీ బావ.


మా ఇంటి ముందు గది.

బావా,

ఆదివారం ఉదయం తెస్తున్నాను. వాకరు కూడా. "బావ దారి గట్టిగా ఉందట, చూస్తావా?" అంటే కళ్ళు మూసుకోలేదు.

టీపొడి డబ్బా ఎక్కడుందో ఈలోగా తెలుసుకోండి.

బావమరిది.


దానిమ్మ కింద.
ఎండలు మొదలైన వారం.

చిరంజీవి బావమరిదికి,

నువ్వు వెళ్ళి తొమ్మిది రోజులైంది. మంచి కబుర్లే రాయాలని ఆగాను. ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

మొదటి రెండు రోజులు గడప దాటలేదు. మూడో రోజు వాలుచెక్క దిగి నిలబడి, కళ్ళు మూసుకుంది. నేను చెట్టు దగ్గర నిలుచున్నాను. అక్కడి నుంచే ఒక పద్యం అందుకున్నాను. యథాప్రకారం రెండో మాట దగ్గర ఆగిపోయింది. ఆమె కళ్ళు తెరిచింది. మూడో మాట ఆమె పెదవుల మీద కదిలింది. శబ్దం లేదు, ఆకారం మాత్రం ఉంది. వంటింటి కిటికీలో నుంచి ముప్పై ఏళ్ళు విన్నదై ఉండాలి. నేను అందుకున్నాను. ఆమె ఆరు అడుగులు వేసింది. చెమటలు పట్టి ఆగిపోయింది. ఇద్దరం అక్కడే, చార మధ్యలో, దర్జీ చేత కుర్చీలు తెప్పించుకొని కూర్చుండిపోయాం. ఆ పూటకు అంతే.

నిన్న పదకొండు అడుగులు. ముప్పైకి ఎన్నాళ్ళు పడుతుందో, అసలు పడుతుందో లేదో చెప్పలేను. మధ్యాహ్నం ఆమెకు స్నానం చేయించి, బట్టలు మార్చేసరికి తల దువ్వే సత్తువ నాకు మిగలడం లేదు. ఆమె అది చూసి, తన దువ్వెన తానే తీసుకుంటుంది. టీ కూడా పెడుతున్నాను. బాగుందని ఇంతవరకు అనలేదు, బాగా లేదని కూడా అనలేదు.

అమ్మాయి మొన్న వచ్చింది. పెరటి గుమ్మంలో నిలబడి చూసింది. "చుట్టూ ఇంత బాగా మొలిచింది, మధ్యలో ఈ మట్టిదారి ఏమిటి నాన్నా?" అంది. గింజల డబ్బా చేతికిచ్చాను. మూత మీది అక్షరాలు చదివి, లోపలి ఖాళీ సంచులు ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టింది. వెళ్ళేటప్పుడు, "వానలు వచ్చేదాకా చూద్దాం. వారానికి రెండు రోజులు నేను వస్తాను. కాదనకు" అంది. కాదనే ఓపిక నాకు లేదు, అవసరమూ లేదు.

వానలు పడితే ఆ దారి బురద అవుతుందా అని నువ్వు ఇక్కడున్నప్పుడు అడిగాను కదా. రెండు పక్కలా సన్నటి కాలువ తీసి నీరు మళ్ళించమన్నావు. నిన్న సగం తీశాను. మిగతా సగం దర్జీ తీస్తానంటున్నాడు. రెండు అంచుల వెంట ఆ డబ్బాలోని చివరి సంచి గింజలు చల్లాను. ఎక్కడ చల్లాలో ఆమె వేలితో చూపించింది. వంగడం నా వంతు.

మన తరవాత ఈ గుమ్మం దాటి ఈ పెరటిలో అడుగుపెట్టేవారు మన పిల్లల పిల్లలైనా సరే, ముక్కూ మొహం తెలియనివారైనా సరే, వారి కాళ్ళ కింద నేల గట్టిగా ఉండుగాక. వారి పక్కన పచ్చిక చల్లగా పెరుగుగాక. వారి తెలియనితనాన్ని ఎత్తిచూపక వెనకనే గింజలు చల్లే మనిషి ఒకరు వారి ఇంట ఉండుగాక. ఆ మనిషి అలసిపోక ముందే వారు ఒక్కసారి తల వంచి నేల వైపు చూతురుగాక.

నీ బావ.